నకిలీ చాకుల అసలు యజమాని

గోవిందరాజుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన తాడికొండ దమయంతికి మడత చాకుల పిచ్చి పట్టడానికి కారణం ఒక కుంకుమభరిణె.

ఆమె ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల పత్తి బాగా పండేది. పత్తికి పురుగు అంతకన్నా బాగా పట్టేది. అందుకని ఊళ్లో పురుగుమందుల కంపెనీ వాళ్లది రాజభోగం. ఒక తుఫాను రోజున విజయభేరి పురుగుమందుల యజమానికి బొంబాయికి ట్రంకు కాల్ కావలసివచ్చింది. లైన్లన్నీ తెగిపడి ఉన్నాయి. దమయంతి ఆ కాల్‌ని కర్నూలు, బళ్లారి మీదుగా చుట్టూ తిప్పి, దారిలో ఉన్న ఆపరేటర్లందరినీ పేరుపేరునా బతిమాలి కలిపింది. మర్నాడు యజమాని సంతోషంగా ఎక్స్ఛేంజికి వచ్చి, ఆ కాల్‌తో ఏ సంబంధమూ లేని మగ ఉద్యోగులందరికీ కంపెనీ పేరు చెక్కిన మడత చాకులు పంచాడు. కాల్ కలిపిన దమయంతికి కుంకుమభరిణె ఇచ్చాడు.

దమయంతి భరిణె మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసి, బల్ల మీదుగా ఆయన వైపు జరిపింది. తనకీ చాకే కావాలంది. ఆడవాళ్లకు చాకెందుకమ్మా అని ఆయన నవ్వాడు. మీ ఇంట్లో వంకాయలు మీరే తరుగుతారా అని ఆమె నవ్వకుండా అడిగింది. ఆయన నవ్వు ఆపి, సొంత జేబులో ఉన్న చాకు తీసిచ్చి వెళ్లిపోయాడు.

చాకు పిడి మీద కంపెనీ పేరు, పక్కన భేరీ మోగిస్తున్న మనిషి బొమ్మ, కింద ఫోన్ నంబరు. పొద్దస్తమానం నంబర్ల మధ్య బతికే మనిషికి అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. అప్పట్నించీ కంపెనీలు తమ డీలర్లకూ ఖాతాదార్లకూ పండగలకు పంచిపెట్టిన చాకులన్నీ వెతికి పోగుచేయడం మొదలుపెట్టింది. పంపుసెట్ల వాళ్లవి, గొడుగుల వాళ్లవి, నశ్యం వాళ్లవి, ఎముకల పొడి ఎరువు వాళ్లవి, సైకిలు టైర్ల వాళ్లవి. ఏ చాకు ఏ కాలంనాటిదో చెప్పడానికి ఆమెకు భూతద్దం అక్కర్లేదు. ఫోన్ నంబరులో రెండంకెలుంటే ఎక్స్ఛేంజి పెట్టిన కొత్తల్లోది, మూడుంటే తను ఉద్యోగంలో చేరిన నాటిది, ఐదుంటే తల నెరిసిన నాటిది. సుగంధరాజ నశ్యం వాళ్ల చాకు మీద ‘నశ్వం’ అని అచ్చుతప్పు ఉంటేనే అసలైనది. తప్పు లేకపోతే తరవాత ఎవరో చేయించిన నకలు.

ఈ వెతుకులాటలో ఆమెకు తోడు షేక్ మస్తాన్‌వలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి ఆదివారం సంతలో పాత సామాను గుట్టల ముందు గొంతుక్కూర్చుని, తుప్పుపట్టిన చాకుల్ని ప్యాసింజర్ల టికెట్లు చూసినట్టు ఒక్కొక్కటే తిరగేసి చూసేవాడు. మంచిది దొరికితే ఎవరికీ చెప్పకుండా తిన్నగా దమయంతి ఇంటికి వచ్చి, “అక్కయ్యా, టీ పెట్టు, మాట్లాడదాం,” అనేవాడు. అంటే చాకు దొరికిందని అర్థం.

ఇలా ఉండగా ప్రభుత్వం ‘జిల్లాకో ఘనత’ అనే పథకం పెట్టింది.

ప్రతి జిల్లా తనకు మాత్రమే చెందిన ఒక ఘనతను గుర్తించి, దానికో ప్రదర్శనశాల కట్టాలి. పక్క జిల్లా వాళ్లు తాళంకప్పల్ని పట్టేశారు. ఇంకో జిల్లా ఊరగాయ జాడీల్ని ఎంచుకుంది. ఏమీ దొరకని ఒక జిల్లా తన ఎండనే ఘనతగా నమోదు చేయించుకుని, రోహిణికార్తెలో సందర్శకుల కోసం ఎదురుచూస్తోంది. గోవిందరాజుపేట జిల్లాకు మాత్రం గడువు దగ్గరపడినా ఘనత కుదరలేదు. జిల్లా ఘనతాధికారి దుర్భా చిదానందమూర్తికి నిద్రాహారాలు లేవు. అలాంటి సమయంలో పేపర్లో జిల్లా పేజీలో, ఒక మూల, దమయంతి చాకుల గురించి ఫోటోతో సహా పడింది.

ఆ పూటే ఆయన పూలగుత్తి పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, డైనింగ్ టేబుల్ మీద పరిచిన చాకుల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఇవి చాకులు కావమ్మా,” అన్నాడు గద్గదంగా. “లోహరూప వాణిజ్య స్మృతిచిహ్నములు.”

దమయంతికి ఆ మాట పూర్తిగా అర్థంకాకపోయినా మర్యాదగానే వినిపించింది. ఇన్నాళ్లూ చుట్టాలు ఆమె చాకుల్ని చూసి, ఇంట్లో చిన్నపిల్లలు లేరు కాబట్టి సరిపోయిందనేవారు. ఒక గెజిటెడ్ అధికారి ప్రదక్షిణం చేయడం ఇదే మొదటిసారి. చాకుల్ని ప్రదర్శనశాలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒకే షరతు పెట్టింది. చాకుల మీద ఉన్న కంపెనీ పేర్లు అందరికీ కనబడాలి. పేరు లేకపోతే అది కూరగాయల కత్తి. పేరుంటేనే దానికో కథ. చిదానందమూర్తి తప్పకుండా అన్నాడు. చాకులన్నీ మూటగట్టి, లక్కతో ముద్రవేసి, ‘తాత్కాలిక ప్రాతిపదికన శాశ్వత స్వాధీనం’ అని రాసిచ్చి జీపులో పెట్టించుకున్నాడు. జీపు మలుపు తిరిగేదాకా దమయంతి గుమ్మంలోనే నిలబడింది.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. ప్రభుత్వ భవనంలో ప్రైవేటు కంపెనీల పేర్లు ప్రదర్శించడం ప్రకటన కిందికి వస్తుందట. కనక పేర్ల మీద తెల్ల కాగితం అంటిస్తారట. దమయంతి మస్తాన్‌వలిని వెంటబెట్టుకుని ఘనతా కార్యాలయానికి వెళ్లింది. పేర్లు కప్పేస్తే తన చాకులు తనకిచ్చెయ్యమంది. శాశ్వత స్వాధీనంలో ఉన్నవి తిరిగి ఇవ్వడానికి నిబంధన లేదనీ, అయితే పేర్లు కనబడనివ్వడానికి మాత్రం ఒక మార్గం ఉందనీ చిదానందమూర్తి చెప్పాడు. ఆయా కంపెనీలు తమకు అభ్యంతరం లేదని రాసిస్తే చాలు.

అక్కణ్నించి ఇద్దరూ కంపెనీల వేటలో పడ్డారు. విజయభేరి పురుగుమందుల ఆఫీసు ఎప్పుడో కల్యాణమండపం అయిపోయింది. మేఘమాల గొడుగుల ఫ్యాక్టరీలో ఇప్పుడు పిల్లలకు ఎంట్రన్స్ పరీక్షల కోచింగ్ ఇస్తున్నారు. పాతాళగంగ పంపుసెట్ల షెడ్డులో బిర్యానీ వండుతున్నారు. వంటమనిషి వాళ్లను లోపలికి తీసుకెళ్లి, అతి పెద్ద దేగిశా కింద ఆధారంగా పెట్టిన పాత లేత్ మిషను చూపించాడు. మస్తాన్‌వలి అక్కడ కాస్త బాధపడి, చెరో ప్లేటు చెప్పాడు.

కంపెనీలన్నీ మూతపడ్డాయని దమయంతి తిరిగివచ్చి చెప్పింది. చిదానందమూర్తి సానుభూతిగా తల పంకించాడు.

“మూతపడిన విషయం సదరు కంపెనీ తన లెటర్‌హెడ్ మీద ధ్రువీకరించవలసి ఉంటుందమ్మా. సంతకం చేసే అధికారి విధుల్లో ఉన్నవాడై ఉండాలి.”

“మూతబడ్డ కంపెనీలో విధుల్లో ఎవరుంటారు సారూ?” అన్నాడు మస్తాన్‌వలి.

ఆ ప్రశ్న న్యాయమైనదేనని చిదానందమూర్తి ఒప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. నిబంధనల పుస్తకం ముందుకు లాక్కుని, వేలు పెట్టి పంక్తి పంక్తీ చదువుతూ, ఎక్కడైనా ఈవిడకు సందు దొరుకుతుందేమోనని నిజంగానే వెతికాడు. చివరికి ఆయన ముఖం వెలిగింది. నిబంధనలో ‘ఆ పేరు గల కంపెనీ’ అని మాత్రమే ఉంది. పాత కంపెనీయే కావాలని లేదు. ఆ పేరుతో ఎవరైనా ఒక కంపెనీ రిజిస్టరు చేయించుకుని, తమకు అభ్యంతరం లేదని రాసిస్తే ప్రభుత్వానికి సమ్మతమే.

దమయంతి మొదట నవ్వింది. ఇంటికెళ్లి ఆలోచించాక నవ్వు ఆగింది. ఖాళీ అయిపోయిన డైనింగ్ టేబుల్ వంక చూసి, మర్నాడు వెళ్లి దరఖాస్తులు తెచ్చుకుంది.

ఆ ఉగాది పోయాక వారం తిరిగేసరికి ఆమె పాతాళగంగ పంపుసెట్లకూ, విజయభేరి పురుగుమందులకూ, మేఘమాల గొడుగులకూ, సుగంధరాజ నశ్యానికీ, సస్యలక్ష్మి ఎముకల పొడికీ, ఇంకా చాకుల మీద ఎన్ని పేర్లున్నాయో అన్నిటికీ మేనేజింగ్ డైరెక్టరు అయింది. మస్తాన్‌వలి అన్నిటికీ జనరల్ మేనేజరు. పంపుసెట్ల ఆఫీసు వసారాలో, నశ్యం ఆఫీసు వంటింట్లో, ఎముకల పొడి ఆఫీసు, వాసన వస్తుందేమోనని, డాబా మీద.

దరఖాస్తుదారు దమయంతి, కంపెనీ దమయంతి చట్టం దృష్టిలో వేరువేరు వ్యక్తులు కనక ఉత్తరాలు చేతికివ్వడం కుదరదన్నారు. ఆమె తనకు తనే రిజిస్టర్డు పోస్టులో రాసుకుంది. పోస్టుమ్యాన్ వాటిని మోసుకొచ్చి, ఆమె చేతే సంతకం పెట్టించుకుని ఆమెకే ఇచ్చాడు. ఎండన పడి వచ్చినందుకు ఆమె అతనికి మజ్జిగ ఇచ్చింది. పురుగుమందుల కంపెనీ వెంటనే ఒప్పుకుంది. గొడుగుల కంపెనీ ఒప్పుకుంటూ రెండు మంచి మాటలు కూడా రాసింది. నశ్యం కంపెనీ మాత్రం ఆలోచించి చెబుతామంది. ఎందుకక్కయ్యా అని మస్తాన్‌వలి అడిగితే, అన్నీ ఒక్కసారే ఒప్పుకుంటే అనుమానపడతారంది దమయంతి. నిజానికి ఆమెకు ఈ వ్యవహారంలో కాస్త రుచి పుట్టింది.

ఈలోగా జిల్లా పారిశ్రామికాభివృద్ధి నివేదిక వెలువడింది. ఒక్క వారంలో అన్ని పరిశ్రమలు వెలసిన జిల్లా రాష్ట్రంలో ఇంకోటి లేదని అందులో రాశారు. అన్నీ ఒకే వీధిలో, ఒకే మహిళ చేతుల మీదుగా వెలిశాయని కూడా రాశారు. పేపర్లలో బొమ్మలు పడ్డాయి. అది చదివి కర్ణాటి సాంబయ్య అనే రైతు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ట్రాక్టరు ట్రక్కులో ఒక పాతాళగంగ పంపుసెట్టు, దాని పక్కన కుర్చీలో వాళ్ల నాన్న.

సాంబయ్య చెప్పిన విషయం ఇది. వాళ్ల నాన్న ఆ పంపు కొన్నప్పుడు, కొన్నవాడు బతికున్నంతకాలం గ్యారంటీ అన్నారు. ఆ మాట పంపుకు బిగించిన రేకు మీద అచ్చొత్తి ఉంది. నాన్నకు తొంభై దాటాయి. పంపు చెడి చాలా కాలమైంది. ఇన్నాళ్లూ అడుగుదామంటే కంపెనీ లేదు.

“కంపెనీ మళ్లీ తెరిచారని తెలిసిందమ్మా. అందుకని ఇద్దర్నీ ఎక్కించుకొచ్చా. ఆయన బతికే ఉన్నాడు, చూసుకోండి,” అన్నాడు సాంబయ్య.

ముసలాయన ట్రక్కు మీంచి దమయంతికి నమస్కారం పెట్టాడు. తను బతికున్నందుకు క్షమించమన్నట్టుగా ఉంది ఆ నమస్కారం. దమయంతి రేకు మీది అక్షరాలు వేలితో తడిమి చూసింది. తనది ఉత్తుత్తి కంపెనీ అని చెప్పొచ్చు. కానీ రేకు మీద ఉన్న పేరూ, తన గోడకు తగిలించిన రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉన్న పేరూ ఒకటే. ఆమె జనరల్ మేనేజరు వైపు చూసింది. మస్తాన్‌వలి గడ్డం గోక్కున్నాడు.

“డిపోలో మెకానిక్కులు మనోళ్లే ఉన్నారక్కయ్యా. బస్సు బాగుజేసేటోళ్లకి పంపు ఒక లెక్కా?”

బస్సు మెకానిక్కులు నాలుగు ఆదివారాలు దానితో కుస్తీ పట్టారు. చివరి ఆదివారం సాంబయ్య చేలో పంపు రెండుసార్లు దగ్గి, బస్సు హారన్ లాంటి శబ్దం చేసి, మనిషి నడుమంత లావున నీళ్లు కక్కింది. గట్టు మీద కుర్చీలో కూర్చున్న ముసలాయన పంచె మోకాళ్ల పైకి లాక్కుని, కాళ్లు ఆ నీళ్లలో పెట్టుకున్నాడు. దమయంతి చెప్పులు విడిచి తనూ దిగింది. కంపెనీ యజమానులకు ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆ సంతోషం తీరకముందే చిదానందమూర్తి దగ్గర్నించి మరో కాగితం. అనుమతి ఇచ్చే కంపెనీ నామమాత్రంగా కాక నడుస్తూ ఉండాలి. నడుస్తున్నదనడానికి నిదర్శనంగా ప్రచార కార్యక్రమం ఒకటి చేసి చూపాలి. ఏ కార్యక్రమం అని దమయంతి వెళ్లి అడిగింది. చిదానందమూర్తి పాత సంప్రదాయాలన్నీ పరిశీలించి, కంపెనీ పేరు చెక్కిన మడత చాకులు పంచిపెట్టడం సముచితంగా ఉంటుందని సెలవిచ్చాడు.

మస్తాన్‌వలి బజారునించి గంపెడు కొత్త చాకులు తెచ్చాడు. స్టీలు సామాన్ల కొట్టు ముందు గిన్నెల మీద పేర్లు చెక్కే అతను వాటి మీద టకటకా కంపెనీల పేర్లు చెక్కేశాడు. అలవాటుకొద్దీ మొదటి నాలుగింటి మీద ‘పాతాళగంగ గారి జ్ఞాపకార్థం’ అని చెక్కాడు. ఫోన్ నంబరు అన్నిటికీ ఒకటే, మస్తాన్‌వలి సెల్ నంబరు. నశ్యం పేరులో తప్పుండాలని దమయంతి పట్టుబట్టింది గానీ, అధికారులు ఒప్పుకోక దగ్గరుండి సరిగ్గా రాయించారు.

సభ జరిగింది ఒకప్పటి విజయభేరి ఆఫీసులోనే, అంటే కల్యాణమండపంలో. జిల్లాలో అధికారులందరూ వచ్చారు. పప్పూ పాయసంతో భోజనం పెట్టారు. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి చాకు చేతిలో పెడుతుంటే, పెద్ద పెద్ద ఉద్యోగులు చిన్నపిల్లల్లా మురిసిపోయి అక్కడికక్కడే తెరిచి, మూసి, గోళ్లు తీసుకున్నారు. వ్యవసాయ శాఖాధికారి తనకు గొడుగుల చాకు వచ్చిందనీ, పురుగుమందుల చాకు కావాలనీ అలిగితే మార్చి ఇచ్చారు. ప్రదర్శనశాలలో పెట్టడానికని చిదానందమూర్తి ప్రతి రకంలోనూ ఒకటి అడిగి తీసుకున్నాడు. దమయంతి సంతోషంగా ఇచ్చింది. పాతవాటి పక్కన కొత్తవి పెడితే తేడా తెలుస్తుందనుకుంది.

తేడా తెలిసింది. ప్రామాణికతా నిర్ధారణ సంఘం ఒకటి వచ్చి, పాత చాకుల్నీ కొత్త చాకుల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. ఆ సంఘం తీర్పు వినిపించడానికి చిదానందమూర్తి దమయంతిని పిలిపించాడు. ఆయన ముఖంలో నిజమైన విచారం ఉంది.

“అమ్మా, పాతాళగంగ పంపుసెట్లు అను కంపెనీ ఈ సంవత్సరం చైత్రమాసంలో స్థాపించబడినది. రిజిస్ట్రేషన్ మీ పేరిటే ఉన్నది. సదరు పాత చాకు నలభై ఏళ్లనాటిదని మీరే అంటున్నారు. తాను పుట్టకమునుపే చాకులు పంచిన కంపెనీని ప్రభుత్వం గుర్తించజాలదు. కావున పాతవన్నియూ నకిలీలు. కొత్తవి అసలైనవి.”

దమయంతి చాలాసేపు వాదించింది. పాత చాకు మీద మూడంకెల ఫోన్ నంబరు ఉంది చూడండి అంది. సంఘం వారు ఆ నంబరుకు ఫోన్ చేశారనీ, అలాంటి నంబరే లేదని జవాబు వచ్చిందనీ, అదే వారికి బలమైన ఆధారమనీ ఆయన చెప్పాడు. నశ్యం చాకు మీద అచ్చుతప్పు కూడా వారు కనిపెట్టారట. తన పేరు తనే తప్పు రాసుకునే కంపెనీ ఉంటుందా అని అడిగారట.

సరే, నకిలీవైతే నాకే ఇచ్చెయ్యండి, ఇంట్లో పెట్టుకుంటాను అంది దమయంతి. చిదానందమూర్తి తల దించుకున్నాడు. నకిలీ ఘనతా వస్తువుల్ని కొలిమిలో కరిగించాలని నిబంధన. వచ్చే శుక్రవారం ముహూర్తం కూడా పెట్టేశారు. కార్యక్రమానికి ఆమె రావచ్చు, అల్పాహారం ఉంటుంది.

దమయంతి ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయింది. ఇంతవరకూ ఇదంతా ఆమెకు ఒక ఆటలా ఉంది. ఇప్పుడు కళ్ల ముందు కొలిమి కనిపించింది. ఏ సంతలో ఏ చాకు దొరికిందో, దానికోసం ఎవరి ఇంటికి ఎన్నిసార్లు తిరిగిందో అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. మస్తాన్‌వలి పక్కనే కూర్చున్నాడు. మూట ఎక్కడ పెట్టారో చూశాననీ, కిటికీకి ఊచలు లేవనీ మెల్లిగా చెప్పాడు. దొంగతనం వద్దంది దమయంతి. మనం చేస్తే ఘనతాహరణమనో ఏదో పేరు పెట్టి, దానికి ఇంకో శాఖ పెడతారంది.

తర్వాత దమయంతి ఉన్నట్టుండి అతని వైపు తిరిగింది.

“మస్తానూ, వాళ్ల లెక్క ప్రకారం మన కంపెనీల పేర్లు పెట్టి ఎవరో దొంగ చాకులు చేశారన్నమాట. అంటే నష్టపోయింది మనమే గదా?”

“మనమే గదక్కయ్యా,” అన్నాడు జనరల్ మేనేజరు. అతని ముఖం మెల్లిగా విప్పారింది. “ఆ దొంగోడి మీద కేసు పెట్టాల.”

ఇద్దరూ లేచి, బట్టలు దులుపుకుని, మళ్లీ లోపలికి వెళ్లారు. తమ కంపెనీల పేర్లు దుర్వినియోగం చేసి నకిలీ చాకులు తయారుచేసినందుకు తాడికొండ దమయంతి అనే వ్యక్తి మీద అన్ని కంపెనీల తరఫునా మేనేజింగ్ డైరెక్టరు తాడికొండ దమయంతి ఫిర్యాదు ఇచ్చింది. చిదానందమూర్తి ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన సర్వీసులో ఇంత సక్రమమైన ఫిర్యాదు ఎప్పుడూ రాలేదు. ఫిర్యాదు ఉన్న వస్తువుల్ని కరిగించడానికి వీల్లేదు. ముందు ఇరుపక్షాలనీ పిలిచి రాజీకి ప్రయత్నించాలి.

శుక్రవారం కొలిమికి బదులు రాజీ సమావేశం జరిగింది. చిదానందమూర్తి బల్ల ముందు రెండు కుర్చీలు వేయించాడు. ఎడమది ఫిర్యాదుదారుకు, కుడిది ప్రతివాదికి. సాక్షి మస్తాన్‌వలి వెనక నిలబడ్డాడు. దమయంతి ఎడమ కుర్చీలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుంది.

ఫిర్యాదు ఏమిటని ఆయన అడిగాడు. తమ కంపెనీల పరువు పోయిందని ఆమె చెప్పింది. దీనికి మీ సమాధానమేమిటని ఆయన కుడి కుర్చీని అడిగాడు. అది ఖాళీగా ఉండడంతో సమావేశం కాస్త ఆగింది. దమయంతి లేచి, కళ్లజోడు తీసేసి, కుడి కుర్చీలో కూర్చుని, తెలిసి చేసిన తప్పు కాదంది.

“ప్రతివాది కొంచెం వినయంగా మాట్లాడాలి,” అన్నాడు చిదానందమూర్తి. “మేనేజింగ్ డైరెక్టరు గారిని చూడండి, ఎంత సౌమ్యంగా చెప్పారో.”

“ఆవిడ చదువుకున్న మనిషండీ,” అంది దమయంతి.

ఎడమ కుర్చీకి వెళ్లి కఠినంగా అడిగింది. కుడి కుర్చీకి వచ్చి బతిమాలుకుంది. మళ్లీ ఎడమకు వెళ్లి మెత్తబడింది. మధ్యలో ప్రతివాది సంతకం పెట్టాల్సి వచ్చి, అక్షరాలు కనబడక ఆగింది. మేనేజింగ్ డైరెక్టరు గారి కళ్లజోడు వాడుకోవడానికి వారికి అభ్యంతరం ఉందేమో కనుక్కోమన్నాడు చిదానందమూర్తి. ఆమె లేచివెళ్లి, ఎడమ కుర్చీలో కూర్చుని, లేదని చెప్పి వచ్చింది. మస్తాన్‌వలి దగ్గు వచ్చినట్టు నటిస్తూ గోడవైపు తిరిగి, భుజాలు కదలకుండా ఉండడానికి తంటాలుపడుతున్నాడు.

గంట గడిచేసరికి దమయంతికి మోకాళ్లు పట్టేశాయి. చిదానందమూర్తి ఇద్దరికీ హితవు చెప్పాడు. ఒకే ఊరివాళ్లు, ఒకే ఇంటివాళ్లు, ఇలా కచేరీల దాకా రావడం బాగాలేదన్నాడు. ఆయన కళ్లలో సన్నగా నీటిపొర కూడా కనబడింది. చివరికి రాజీ కుదిరింది. ప్రతివాది తన నకిలీ చాకులన్నిటినీ కంపెనీలకు అప్పగించాలి. కంపెనీలు ప్రతివాదిని క్షమించాలి. రాజీకి గుర్తుగా ఇరుపక్షాలూ చేతులు కలపాలని నిబంధన. దమయంతి రెండు కుర్చీల మధ్య నిలబడి తన రెండు చేతులూ కలిపింది. అది నమస్కారమైంది. చిదానందమూర్తి లేచి ప్రతినమస్కారం చేశాడు.

మళ్లీ కొత్తగా లక్కముద్ర వేసిచ్చిన మూట మస్తాన్‌వలి భుజాన పెట్టుకున్నాడు. ఆఫీసు గేటు దాటేదాకా ఇద్దరూ గంభీరంగా నడిచారు. రోడ్డెక్కి, మలుపు తిరిగాక, కరెంటు స్తంభం పట్టుకుని మరీ నవ్వారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు పెద్దవాళ్లకు ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్లు తెచ్చిచ్చారు.

ప్రదర్శనశాల పండగలా తెరుచుకుంది. అద్దాల పెట్టెల్లో, పట్టుగుడ్డల మీద, మొన్నమొన్న గిన్నెలవాడు చెక్కిన చాకులు తళతళలాడుతున్నాయి. ‘పాతాళగంగ గారి జ్ఞాపకార్థం’ అన్న చాకుకు విడిగా ఒక మందిరం కట్టారు. పాతాళగంగ ఎవరన్న విషయం మీద పరిశోధన మొదలైంది. ఆవిడ ఒక వీరవనిత అని ఒక అభిప్రాయం, దానశీలి అని ఇంకోటి. మస్తాన్‌వలి సెల్లుకు రాష్ట్రం నలుమూలల్నించీ ఫోన్లు వస్తున్నాయి. అడిగినవాళ్లకల్లా అతను ఆవిడ గురించి కొత్త విషయం ఒకటి చెప్పి పెడుతున్నాడు. రాష్ట్రస్థాయిలో జిల్లాకు మొదటి బహుమతి వచ్చింది. ఎండ జిల్లాకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు.

చిదానందమూర్తికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. వెళ్లేముందు ఒక సాయంత్రం ఆయన జీపు లేకుండా, తొడుగులు లేకుండా నడిచి దమయంతి ఇంటికి వచ్చాడు. ఆమె వసారాలో కూర్చుని పెరట్లో కాసిన జామకాయలు కడుగుతోంది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివరికి జేబులోంచి ఒక మడత చాకు తీసి బల్ల మీద పెట్టాడు. వాయునందన సోడాలు అని పేరుంది. పట్టుకుని పట్టుకుని సగం అక్షరాలు అరిగిపోయాయి. అసలుదో నకిలీదో తెలుసుకోవాలని ఉందన్నాడు.

దమయంతి చాకు తీసుకుని, వెలుతురుకేసి తిప్పి చూసింది. అలాంటిది ఆమె దగ్గర కూడా లేదు. ఆ చాకు మీద ఆశ పుట్టి, దాన్ని అణుచుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

“ఈ సోడాల కంపెనీ ఇప్పుడు లేదండీ,” అంది. “మీరు ఊఁ అంటే రేపే రిజిస్టరు చేయిస్తాను.”

“వద్దమ్మా,” అన్నాడు చిదానందమూర్తి గబగబా. “వద్దు. మా నాన్నది ఇది. ఇట్టాగే ఉండనీ.”

దమయంతి ఆ చాకుతోనే ఒక జామకాయ కోసి, ఉప్పూకారం అద్ది, ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఎక్కడైనా సంతకం చెయ్యాలేమోనన్నట్టు ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, తినేశాడు.